నాన్న సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం, ఏం రాయాలి, ఎవర్ని అడగాలి?

వేటపాలెం అమ్మాయి

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లు చదవండి.

మా నాన్న కిందటేడు పోయారు. 68 ఏళ్లు. ఆర్టీసీ కండక్టరు. 1981లో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం చీరాల డిపోలోనే చేసి 2014లో రిటైరయ్యారు. సంవత్సరీకం ఇంకో రెండు నెలల్లో ఉంది. ఆ రోజు వచ్చినవాళ్లకి స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ డబ్బాలూ పంచే బదులు ఆయన గురించి ఒక చిన్న పుస్తకం వేసి ఇద్దామని నా ఆలోచన. తమ్ముడు సరే అన్నాడు కానీ, వాడి దృష్టిలో పుస్తకం అంటే వాట్సాప్‌లో వచ్చిన సంతాప సందేశాలన్నీ వరుసగా అచ్చు వేసి మధ్యలో నాన్న కలర్ ఫొటో పెట్టడం.

నా ఇబ్బంది ఏంటంటే, పెద్దకర్మ రోజు భోజనాల ముందు చాలామంది మాట్లాడారు. అందరిదీ ఒకటే మాట. మంచి మనిషి, అజాతశత్రువు, అందరినీ కలుపుకుపోయేవాడు, ఆయన లేని లోటు తీరనిది. వింటూ వింటూ ఉంటే వీళ్లు మా నాన్న గురించేనా మాట్లాడుతున్నది అనిపించింది. అజాతశత్రువేంటి అసలు? ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలతో రోజూ గొడవే, వాళ్లు లోపలికి వస్తేగానీ రైట్ చెప్పేవారు కాదు. మా పెదనాన్నతో ప్రహరీ గోడ దగ్గర మాట తేడా వచ్చి ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆ పెదనాన్నే మైకు పట్టుకుని అజాతశత్రువు అన్నది!

నాకు తెలిసిన నాన్న వేరు. ఎక్కువగా నైట్‌హాల్ట్ సర్వీసు చేసేవారు, పర్చూరు అవతల ఒక ఊళ్లో రాత్రికి బస్సు ఆగిపోయి తెల్లవారుజామున మళ్లీ చీరాల బయల్దేరేది. ఆ ఊరివాళ్లు ఆ చీకట్లోనే వచ్చి మందుల చీటీలు, డబ్బులు చేతిలో పెట్టేవాళ్లు. చీరాలలో దొరికిన కాస్త టైములో మందులు కొని, రాత్రి బస్సులో తీసుకెళ్లి ఇచ్చేవారు. మందులతో మొదలై కళ్లజోళ్లు, పిల్లల హాల్‌టికెట్లు, కుట్టుమిషను బెల్టు, పెళ్లి శుభలేఖల కట్ట, ఇలా ఏదైనా సరే. డ్రైవరు బాబాయి విసుక్కునేవాడట, ఇది బస్సా కిరాణా కొట్టా అని.

డ్యూటీ లేని రోజున పొద్దున్నే సారస్వత నికేతనం. మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెప్తున్నా, అది 1918లో పెట్టిన గ్రంథాలయం, భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. అక్కడ మా నాన్న చదివిన దానికంటే చదువుకునేవాళ్లని పలకరించింది ఎక్కువ. ఎవరికి ఆపరేషను, ఎవరికి రక్తం కావాలి, ఎవరమ్మాయికి సంబంధం చూస్తున్నారు, అన్నీ ఆ మెట్ల మీదే తేలేవి. శ్రీరామనవమి పందిరికి చందా పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. ఊళ్లో ఎవరు పోయినా పాడె వెదురు దగ్గర్నుంచి కాటికాపరితో మాట్లాడటం వరకు ఆయనే చూసుకునేవారు. రిటైరయ్యాక కళ్లదానం మీద పడ్డారు, చావు కబురు తెలిసిన వెంటనే వెళ్లి, ఏడుస్తున్నవాళ్ల పక్కన కూర్చుని, ఆరు గంటల్లోపు తీయాలి అని మెల్లిగా చెప్పడం. కొందరు తిట్టారు కూడా.

1977 ఉప్పెన నాటికి ఆయనకి 21 ఏళ్లు, ఉద్యోగం లేదు, స్నేహితులతో కలిసి దివిసీమ వెళ్లి శవాలు పూడ్చే పనిలో ఉన్నారట. ఈ సేవ పిచ్చి అక్కడే పట్టిందని మా సొంత బాబాయి అంటాడు. నాన్న మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, మేం అడిగినా వేరే మాటలోకి వెళ్లిపోయేవారు.

ఇంట్లో ఆయన నాకూ తమ్ముడికీ లెక్కలు టికెట్ల మీద నేర్పారు. మూడు ఫుల్లు, రెండు హాఫ్‌లు, ఇరవై కాగితం ఇచ్చాడు, చిల్లర ఎంత? చెప్పలేకపోతే బస్సులోంచి దింపేస్తా అనేవారు. నవ్వించేవారు, తినిపించేవారు, స్కూలు పుస్తకాలకి పాత క్యాలెండర్లతో అట్టలు వేసేవారు. కానీ ఇంట్లో ఉన్నది తక్కువ.

ఇప్పుడు అసలు చిక్కు. ఆయన ఒకతనికి చిట్టీలో హామీ సంతకం పెట్టారు. అతను చిట్టీ పాడుకుని కట్టడం మానేశాడు. నాన్న జీతంలోంచి కోత మొదలైంది, సరిగ్గా నేను ఇంటర్ అయిన ఏడాది. హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుదామనుకున్నదాన్ని చీరాలలో డిగ్రీలో చేరాను. నేను బాగానే ఉన్నాను, అది కాదు సమస్య. ఆ సంగతి రాస్తే పుస్తకం పాడవుతుందని తమ్ముడు, రాయకపోతే అది నాన్న గురించి కాదని నేను. అమ్మనడిగితే "ఆయన గురించి ఊరికి తెలీనిదేముందని పుస్తకం" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలాంటివి వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి, ఏది రాయాలి, ఏది వదిలేయాలి?

---

మిర్యాలగూడ స్టీరింగ్

బిడ్డా, నేను కూడా ఆర్టీసీనే, రిటైర్డ్ డ్రైవర్ని. మా డిపో వేరు, ఇప్పుడు రాష్ట్రం కూడా వేరు, బస్సు మాత్రం అందరికీ ఒకటే గదా. నీ పోస్టు చదివి మా ఇంటామెకు కూడా వినిపించిన.

ముందుగాల డ్రైవర్లను పట్టుకో. నైట్‌హాల్ట్ బండి మీద కండక్టరు, డ్రైవరు కలిసే తిని కలిసే పండుకుంటరు, బస్సు సీట్ల మీదనో గుడి అరుగు మీదనో. ఆ రాత్రుల్లో మాట్లాడుకున్నవి ఇంట్లో కూడా చెప్పరు. ఉప్పెన సంగతి మీకు చెప్పలేదంటున్నవు, డ్రైవర్‌కు చెప్పి ఉంటడు. రిటైరైనోళ్లు డిపో చుట్టుపక్కల హోటళ్ల కాడ, యూనియన్ ఆఫీసు కాడ ఎక్కడో ఒకదగ్గర కూడుతనే ఉంటరు. పెద్దకర్మకు వచ్చి మైకు ముందట నిలబడని వాళ్లే నీకు కావాల్సినవాళ్లు.

ఇంకోటి, ఇది బయటోళ్లకు తెల్వదు. టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు రాకముందు ప్రతి స్టేజీ కాడ ఏ టికెట్టు ఏ నంబరు వరకు పోయిందో ఎస్సార్ అనే లెక్కల కాగితంల రాసుకోవాలె. బస్సు నిండా జనం, ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో ట్రే, చంకల బ్యాగు, అందులనే రాత. స్టేజీ దాటినంక ఎస్సార్ క్లోజ్ కాలేదంటే చెకింగ్ వాళ్లు ఎక్కిండ్రా కేసే. అట్లాంటి డ్యూటీల ఊరోళ్ల మందుల చీటీలు కూడా యాది పెట్టుకున్నడంటే చిన్న ముచ్చట కాదు. సేవ చేసిండు అని రాస్తే చదివేటోనికి ఏమీ తెల్వదు. ఏ పని నడుమల చేసిండో రాయి, అప్పుడు తెలుస్తది.

ఆ నైట్‌హాల్ట్ ఊరికి పో. కారుల పోకు, బస్సుల పో. మా డాడీ ఇక్కడ కండక్టర్‌గా వచ్చేది అని చెప్పు చాలు, వాళ్లే కుర్చీ వేస్తరు. చిల్లర సంగతి కూడా అడుగు. టికెట్ వెనకాల రాసిచ్చిన చిల్లర తిరిగి ఇచ్చెటోడా లేదా అన్నది ఊరికి బాగా గుర్తుంటది. మా మీద జనానికి ఉన్న పెద్ద కోపం అదే.

పుస్తకంతో సంబంధం లేదు గానీ అడుగుత. ఆంధ్రల 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్లను ప్రభుత్వంల కలిపిండ్రు, కానీ మీ నాన్న అంతకంటే ముందే రిటైరైండు, ఆయనకు ఉన్నది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ పెన్షనే అయి ఉంటది. అది ఎంత తక్కువనో అందరికీ ఎరుకే. అండ్ల భార్యకు సగం వస్తది. మీ అమ్మకు మార్పించిండ్రా? ఊరందరి కాగితాలు చూసెటోళ్లు తమ కాగితాలు చూసుకోరు, అందుకే అడిగిన.

---

ప్రూఫ్‌రీడర్

నేను ఒంగోలులో ఒక ప్రెస్సులో చాలాకాలం ప్రూఫులు దిద్దాను. మీరు చెప్తున్న లాంటివి, సంస్మరణ సంచికలు అంటారు, నా చేతుల మీదుగా బోలెడు వెళ్లాయి. నిజం చెప్పాలంటే వాటిలో చాలావరకు ఫొటో, పేరు మార్చేస్తే ఎవరికైనా సరిపోతాయి. మీరు మొదటే ఆ సంగతి పట్టుకున్నారు కాబట్టి మీది అలా అవ్వదు లెండి.

ఎవర్నీ "నాన్న గురించి చెప్పండి" అని అడక్కండి. అలా అడిగితే మనిషి మైకు ముందున్నట్టు మారిపోతాడు. అజాతశత్రువు అప్పుడే బయటకి వస్తాడు. చివరిసారి ఎక్కడ కలిశారు, ఏం తిన్నారు, ఎప్పుడైనా మీ మీద అరిచారా, మీ దగ్గర తీసుకుని ఇవ్వనిది ఏమైనా ఉందా, ఇలా చిన్నచిన్నవి అడగండి. ఫోను రికార్డింగ్ పెట్టి బల్ల మీద బోర్లించి దాన్ని మర్చిపోండి. రాసుకుంటూ అడిగితే పెద్దవాళ్లు మీ పెన్ను వేగానికి తగ్గట్టు మాట్లాడతారు, అసలు సంగతి పోతుంది. టైపు చేసేటప్పుడు వాళ్ల మాట తీరు దిద్దకండి. "వచ్చేవోడు" అన్నదాన్ని "విచ్చేసేవారు" చేశారంటే ఆ మనిషి అక్కడే చచ్చాడన్నమాట.

పాత గ్రూపు ఫొటోలు అన్నీ ముందేసుకుని ఎవరెవరో ఇప్పుడే రాయించేయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో గట్టిగా రాయొద్దు, ముందువైపు గీత పడుతుంది. మెత్తటి పెన్సిలుతో రాయండి, లేదా ఫోనులో తీసుకుని దాని కింద పేర్లు టైపు చేసుకోండి. మీ అమ్మగారి తరం తర్వాత ఆ మొహాలకి పేర్లు చెప్పేవాళ్లు ఉండరు.

తేదీల దగ్గర జాగ్రత్త. ఫలానా ఏడు ఫలానాది జరిగిందని ముగ్గురు మూడు రకాలు చెప్తారు. మీ ఊళ్లోనే సారస్వత నికేతనం పెట్టుకుని మీకెందుకు దిగులు, పాత పత్రికలకే కదా దానికి అంత పేరు. వెళ్లి చూడండి. పుస్తకం వచ్చాక ఒక కాపీ వాళ్లకి ఇవ్వండి, అక్కడ కూర్చున్న మనిషి పుస్తకం అక్కడ ఉండాలి.

ఇక అచ్చు సంగతి. పేజీలు ఫారాల లెక్కన పోతాయి, డెమీ సైజులో ఫారం అంటే 16 పేజీలు. కాబట్టి 32కో 48కో సరిపెట్టుకోండి, 35 అయిందంటే మిగతావి ఖాళీగా పోతాయి. కొద్ది కాపీలే కావాలంటే డిజిటల్ ప్రింటు చాలు, ఈ ఫారాల గొడవ కూడా అంత ఉండదు. ఆఫ్‌సెట్‌కి వెళ్లారంటే ఎక్కువ కాపీలు వేయించండి అని ప్రెస్సువాళ్లు ఒత్తిడి పెడతారు, మిగిలినవి మీ ఇంట్లో మంచం కింద చేరతాయి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఫాంట్లు. మీరు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేస్తారు, పేజీలు కట్టే డీటీపీ అతను పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేస్తాడు, మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. "స్వర్గస్థులైన" కాస్తా ఏమవుతుందో నేను ఇక్కడ రాయలేను. మార్చాక మొత్తం మళ్లీ చదవాల్సిందే, మీరు కాకుండా రాయని మనిషి ఎవరైనా చదవాలి.

హామీ సంతకం సంగతి రాయాలా అంటే, నా మటుకు నేను రాయమంటాను. ఎలా రాయాలన్నది మీ ఇంట్లో తేల్చుకోవాలి.

---

డల్లాస్ గోంగూర

నేను వేరే మాట చెప్తా, ఏమనుకోవద్దు. పుస్తకం వద్దు.

మా నాన్నకి వేశాం మేం. మల్టీకలర్, ఆర్ట్ పేపరు, మంత్రిగారి సందేశం, ఎమ్మెల్యేగారి సందేశం అన్నీ పెట్టాం. ఫంక్షన్ హాల్లో పంచాం. సాయంత్రం హాలు ఖాళీ చేసేటప్పుడు చూస్తే సగం కుర్చీల మీదే ఉన్నాయి, కొన్నిట్లో తాంబూలం ఆకులు పెట్టుకున్నారు. అప్పుడే అనిపించింది, ఆ డబ్బు ఊళ్లో హైస్కూలుకి ఇచ్చి ఉంటే బాగుండేదని. తర్వాత ఇచ్చాం, టెన్త్‌లో లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్లకి ప్రతి ఏటా కొంత అని బ్యాంకులో డిపాజిట్ చేసి దాని వడ్డీతో. మా నాన్న పేరు ఏటా ఒక్కసారైనా స్టేజీ మీద పలుకుతారు. మీ నాన్నగారు అంత సేవ చేసిన మనిషి కదా, ఆయన పేరు మీద రక్తదాన శిబిరం పెట్టండి, అది ఆయనకి నచ్చుతుంది. పుస్తకం ఎవరు చదువుతారండీ ఈ రోజుల్లో?

---

ప్రూఫ్‌రీడర్

డల్లాస్ గారూ, మంత్రిగారి సందేశం ఉన్న పుస్తకాన్ని మంత్రిగారు కూడా చదవరు. చదివేది ఏదైనా అందులో ఉంటే చదువుతారు. మీరు డిపాజిట్ వేసిన పని మంచిదే, కానీ ఆ పిల్లకి మీ నాన్నగారు ఎవరో తెలుసా? పేరు తెలుసు, అంతే.

---

డల్లాస్ గోంగూర

అది నిజమే. ఒప్పుకుంటున్నా. రెండూ చెయ్యొచ్చు అయితే.

---

గుంటూరు పిన్ని

అమ్మాయ్, మగాళ్లు ఇంతమంది ఇన్ని చెప్పారు, అచ్చు సంగతి ఫాంట్ల సంగతి కూడా వచ్చింది, మీ అమ్మ లేచి వంటింట్లోకి ఎందుకు వెళ్లిందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

నా మొగుడూ ఇలాంటివాడే, బతికే ఉన్నాడు, నూరేళ్లు ఉండాలి. సందులో కరెంటు పోతే ఆఫీసుకి ఫోను ఈయనది, ఎవరింట్లో పెళ్లయితే వంటవాళ్లతో బేరం ఈయనది, అపార్ట్‌మెంటులో నీళ్ల ట్యాంకరు వస్తే పైపు పట్టుకునేది ఈయనే. ఇంట్లో గ్యాసు అయిపోయి మూడు రోజులైనా తెలీదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అత్తగారే అనేది, కన్నతల్లి. అంతమాత్రాన చెడ్డవాడని కాదు. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడితే ఆయన లేచి చొక్కా వేసుకుని వెళ్లిపోతాడు, అందరికీ కనిపించేది అదే. ఆ తలుపు తీసిందెవరు, కాఫీ పెట్టిందెవరు, తెల్లారి ఆయన డ్యూటీకి వెళ్లాక వచ్చినవాళ్లకి సమాధానం చెప్పిందెవరు? సంతకం ఆయన పెట్టినా, జీతం తగ్గి వచ్చిన నెలలో ఆ ఇల్లు నడిపింది ఆయన కాదు.

మీ నాన్న పెట్టిన హామీ గురించి ఒక్క మాట. తనకు మాలిన ధర్మం అంటారు చూడు, అదే. హామీదారు అంటే అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడని కాంట్రాక్టు చట్టం చెప్తోంది, 128వ సెక్షన్, మా ఇంట్లో కూడా ఒకసారి తగిలింది కాబట్టి ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆయన ఇంకెవరికైనా సంతకాలు పెట్టి ఉన్నారేమో కూడా చూసుకోండి, చిట్టీలు, సొసైటీ లోన్లు అన్నీ. మనిషి పోయినా, పాత బాకీ ఆయన వదిలిన ఆస్తి మేరకు వారసుల దగ్గరికి రావచ్చు.

రాయాలా వద్దా అన్నది నువ్వూ నీ తమ్ముడూ తేల్చుకునేది కాదు. ఆ నెలలు గడిపింది మీ అమ్మ, ఆమెని అడుగు. అయితే ఎదురుగా కూర్చుని అడక్కు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో బట్టలు మడతపెడుతూనో అడుగు, చేతిలో పని ఉంటే మాట వస్తుంది. అసలు నాన్న గురించి అడక్కు, ఆమె ఏం చేసేదో అడుగు.

---

మిర్యాలగూడ స్టీరింగ్

పిన్నిగారు చెప్పింది మా ఇంటామెకు వినిపించిన. అప్పటి నుంచి నాతోని మాట్లాడుతలేదు.

---

వేటపాలెం అమ్మాయి

అందరికీ థాంక్సండీ. ఆలస్యంగా రాస్తున్నాను, ఈలోపు చాలా జరిగాయి.

స్టీరింగ్ బాబాయ్ గారూ, పెన్షన్ కాగితాలు చూశాను. అమ్మ పేరు ఉంది గానీ మరణ ధృవీకరణ పత్రం బ్యాంకులో ఇవ్వలేదు, తమ్ముడు ఇచ్చాడనుకుని నేను, నేను ఇచ్చాననుకుని వాడు. ఇప్పుడు ఇచ్చాం. మీరు అడగకపోతే ఇంకా అలాగే ఉండేది.

నైట్‌హాల్ట్ ఊరికి వెళ్లాను, బస్సులోనే. అక్కడ రచ్చబండ దగ్గర పొగాకు రైతు ఒకాయన, బాగా పెద్దవాడు, నాన్నని మందుల కండక్టరు అన్నాడు. ఊళ్లో అందరూ అలాగే అనేవాళ్లట, ఆ సంగతి మాకు తెలీనే తెలీదు. ఒక ముసలామె మాత్రం తిట్టింది. ఆమె కొడుకు కాలేజీ బస్‌పాస్ గడువు అయిపోతే నాన్న ఒక్కరోజు కూడా ఊరుకోకుండా టికెట్ కొట్టేవాడట, "అంత మంచోడివి అదొక్కటి చూసీ చూడనట్టు పోకూడదా" అని నన్ను పట్టుకుని అడిగింది, నేనే కండక్టర్ని అన్నట్టు. అది రికార్డు అయింది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వేస్తాను. తమ్ముడు కూడా విని నవ్వాడు.

డ్రైవరు బాబాయి ఉప్పెన సంగతి చెప్పాడు. అది ఇక్కడ రాయను. నాన్న పాడె పనులు ఎందుకంత పట్టించుకునేవారో తెలిసింది. పూడ్చేటప్పుడు వాళ్లెవరో ఏమిటో తెలియకుండా పూడ్చాల్సి వచ్చిందట, అంతవరకు చెప్తాను.

ఇక అమ్మ. పిన్నిగారూ, మీరు చెప్పినట్టే చింతపండు గింజలు తీస్తూ అడిగాను. "మందుల చీటీలు ఇంట్లో ఎక్కడ పెట్టేవాళ్లు?" అన్నాను, అంతే. లేచి వెళ్లి బీరువా అడుగున ఉన్న రెండు పాత నోటుపుస్తకాలు తెచ్చింది. లెక్కలన్నీ ఆమె రాసినవే. ఎవరు ఎంత ఇచ్చారు, మందుల బిల్లు ఎంత, తిరిగి ఇవ్వాల్సింది ఎంత. నాన్న జేబులో చీటీలు కలిసిపోయి ఒకసారి షుగరు మాత్రలు బీపీ ఆయనకి ఇవ్వబోయారట, అప్పట్నుంచి డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన ప్రతిసారీ చీటీలు అమ్మకి ఇచ్చి రాయించుకుని, పొట్లాల మీద పేర్లు కూడా అమ్మ చేతే వేయించుకుని వెళ్లేవారు. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ ఆ పుస్తకాల సంగతి తెలీదు. క్యాలెండరు వెనక రక్తం గ్రూపుల జాబితా ఉండేది, అది నాన్న రాతే అనుకున్నాం, అదీ అమ్మదే. మా ఇంటికి ఫోను వస్తే ఓ నెగటివ్ ఎవరున్నారో చెప్పేది ఆమే, నాన్న బస్సులో ఉండేవారు కదా.

నాన్న పోయిన రోజు కూడా మేమందరం ఏడుస్తుంటే ఫ్యాను కట్టేయమన్నది అమ్మే. కళ్లు మూసి తడి దూది పెట్టి, తల కింద ఇంకో దిండు పెట్టి, ఐ బ్యాంకుకి ఫోను చెయ్యమని తమ్ముడికి చెప్పింది. అప్పుడు నేను గమనించలేదు, నాన్న చెప్పి ఉంటారులే అనుకున్నాను. అడిగితే, "ఆయన వెంట ఎన్ని ఇళ్లకి వెళ్లాను, ఆడవాళ్లతో మాట్లాడాల్సింది నేనే కదా" అంది.

హామీ సంగతి రాయమంది. మూడు షరతులు పెట్టింది. అతని పేరు రాయొద్దు, వాళ్లకి ఇంకా పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది. జీతంలో ఎంత కోత పడిందో రాయి, ఊరికే నష్టపోయాం అంటే ఎవరికీ అర్థం కాదు. మూడోది, "నేను ఆయన్ని క్షమించేశానని మాత్రం రాయకు." ఆ మాట ఎలా అందో అలాగే వేయాలని నా ఉద్దేశం, తమ్ముడు ఇంకా గింజుకుంటున్నాడు.

ఇప్పుడు పుస్తకం సగం నాన్న, సగం అమ్మ అయ్యింది. సంవత్సరీకానికి వచ్చే పెద్దవాళ్లు ఇదేం పద్ధతి, బతికున్న మనిషి గురించి ఇందులో రాస్తారా అంటారేమో. అనుకోనీ. మందుల నోటుపుస్తకంలో రెండు పేజీలు స్కాన్ చేసి వేద్దామనుకుంటున్నా, జబ్బుల పేర్లు, మనుషుల పేర్లు కనపడకుండా చేసి. అలా వేయొచ్చా ప్రూఫ్‌రీడర్ గారూ?

---

ప్రూఫ్‌రీడర్

వేయొచ్చు, తప్పకుండా వేయండి. 300 డీపీఐలో స్కాన్ చేయించండి, ఫోను ఫొటో అయితే అచ్చులో మసకగా వస్తుంది. పేర్లు చెరపాల్సి వస్తే స్కాన్ కాపీ మీద చెరపండి, అసలు పుస్తకం మీద చెయ్యి వేయొద్దు. దాని మీద ప్లాస్టిక్ టేపులు అవీ అంటించకండి, పాత కాగితం పాడవుతుంది.

బతికున్న మనిషి గురించి రాయడం గురించి ఎవరైనా అడిగితే, అట్ట మీద ఇద్దరి పేర్లూ వేసేయండి, ప్రశ్నే ఉండదు.

---

గుంటూరు పిన్ని

తమ్ముడు గింజుకుంటే గింజుకోనీ. మీ అమ్మ మాట దిద్దావంటే ఊరుకోను.

---

డల్లాస్ గోంగూర

పీడీఎఫ్ పెడితే నేను చదువుతా అండీ, సీరియస్‌గా. మా అమ్మకి కూడా పంపిస్తా. రక్తదాన శిబిరం మాట మర్చిపోకండి, దానికి ఏమైనా కావాలంటే మెసేజ్ చేయండి.

---

వేటపాలెం అమ్మాయి

పీడీఎఫ్ సంగతి అమ్మనడిగి చెప్తాను. ఈలోపు చీరాల, ఒంగోలు వైపు యూనికోడ్‌లో నేరుగా పేజీలు పెట్టే డీటీపీవాళ్లు ఎవరైనా తెలిస్తే ఇక్కడ చెప్పండి. మొన్న ఇచ్చిన చోట నాలుగు పేజీలు చేసి పంపారు, ఒత్తులు సగం లేవు.

---

ప్రూఫ్‌రీడర్

ఆ నాలుగు పేజీలూ, మీ అసలు ఫైలూ నాకు మెసేజ్‌లో పంపండి. ఒత్తులు ఎక్కడ పోయాయో చూసి, ఏ ఫాంటుకి మార్చమనాలో రాసిస్తాను, అది వాళ్లకి చూపించండి. అప్పటికీ రాకపోతే ఇన్‌డిజైన్‌లో చేసే కుర్రాడు ఒకడున్నాడు, అడిగి చూస్తాను. టైము తక్కువుంది కాబట్టి ఈ వారమే పంపించేయండి.